నీలం పెన్సిల్‌తో రాసిన మాట

"ఎవరండీ మా గుబులుకి కోరలు మొలిపించింది?"

ఆ గొంతు మెట్ల మలుపులో మొదలై తలుపు దగ్గరకు వచ్చేసరికి రెండింతలైంది. గొంతు వెనకే మనిషి వచ్చాడు. చేతిలో ఒక పేజీ, చెవి మీద పెన్సిలు, ముఖం నిండా కోపం.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి చేతిలో కుంచె టక్కున ఆగిపోయింది. ఆమె ఆ పిల్లల వారపత్రికలో చేరి సరిగ్గా నాలుగు రోజులైంది. పెన్సిలుతో గీసిన బొమ్మల మీద నల్ల ఇంకు దిద్దడం, పాత్రల నోటి దగ్గరి బుడగల్లో మాటలు రాయడం ఆమె పని. ఆఫీసులో అప్పుడే 'ఇంకమ్మాయి' అని పేరు కూడా పెట్టేశారు. ఇప్పుడు వచ్చినవాడు పెన్సిలబ్బాయి. పై అంతస్తులో కూర్చుని బొమ్మలు గీస్తాడు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం అదే మొదటిసారి.

"కోరలు కాదండీ," అంది ఆమె. "నీడ."

"నీడా? నేను గీసింది దిండులాంటి జంతువుని! పిల్లలు వాటేసుకుని పడుకోవాలి. మీరు ఇంకు వేశాక వాటేసుకోవడం మాట దేవుడెరుగు, పక్కలు తడుపుతారు!"

"అది మెట్ల కింద ఉంటుంది కదండీ. అక్కడ చీకటిగా ఉంటుంది."

"మీరెప్పుడైనా మెట్ల కింద దూరారా?"

"లేదండీ. నాకు భయం." కుంచె తుడుచుకుంటూ, "అందుకే తెలుసు," అంది.

ఇలాంటి జవాబు చెప్పేవాళ్ళతో ఎలా పోట్లాడాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

ఈ గొడవకి ఎడిటర్ మేడం తన గదిలోంచి బయటికొచ్చింది. నుదుటి మీది కళ్ళజోడు ముక్కు మీదికి దించి, పేజీని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇన్నాళ్ళకి గుబులు గుబులులా ఉంది," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

పెన్సిలబ్బాయి పేజీని బల్ల మీద పెట్టి, "మీరే గెలిచారు లెండి," అని గొణుక్కుంటూ మెట్లెక్కాడు. గెలిచిన మనిషి మాత్రం ఇంకో అరగంట దాకా కుంచె పట్టుకోలేకపోయింది.

గుబులు అంటే ఆ పత్రికలో వారం వారం వచ్చే బొమ్మల కథలో జంతువు. కథ రాసేది మేడమే. ఒక పాప ఉంటుంది. వాళ్ళింటి మెట్ల కింద ఒంటి చెవి, పొడుగు తోక ఉన్న ఒక మాయ జంతువు ఉంటుంది. లోకంలో ఇంకెవరికీ కనబడదు. పాప భయపడితే అది పెరుగుతుంది. గదంతా నిండిపోయి, పాపని తన పొట్ట మీద కూర్చోబెట్టుకుని భయం తీరేదాకా కబుర్లు చెబుతుంది. భయం తగ్గేకొద్దీ అదీ తగ్గి, చివరికి జేబులో పట్టేంత అవుతుంది. ఆ కథ కోసమే పత్రిక కొనే పిల్లలున్నారు. మా మెట్ల కింద టార్చి వేసి చూశాం, కనబడలేదు, అడ్రసు మారిందా అని ఉత్తరాలు రాసేవాళ్ళున్నారు.

ఇక మన ఇంకమ్మాయి విషయానికొస్తే, ఆమె ఇంట్లో గనక గుబులు ఉండి ఉంటే ఈపాటికి పైకప్పు లేచిపోయేది. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఏమైందోనని భయం. లిఫ్టంటే భయం, కుక్కలంటే భయం, ఎదుటివాళ్ళు గొంతు పెంచితే మరీ భయం. బస్సులో తను దిగాల్సిన చోట "ఆపండి" అని అరవలేక, ఇంకెవరో దిగే స్టాపు దాకా వెళ్ళి, అక్కడ దిగి వెనక్కి నడిచొచ్చేది. "నీకు భయం లేనిదేదైనా ఉందేమో చెప్పవే, దాన్ని చూసైనా సంతోషిస్తా," అనేది వాళ్ళమ్మ.

ఉంది. కుంచె. అది చేతిలో ఉన్నంతసేపు ఆమెకి ఎవరన్నా లెక్క లేదు.

ఇంకోటి కూడా ఉందని ఆ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. నీలం పెన్సిలు.

ఈ నీలం పెన్సిలు సంగతి కొంచెం చెప్పాలి. బొమ్మల కథలు గీసేవాళ్ళు ఏదైనా గుర్తు పెట్టుకోవాలంటే పేజీ మీదే లేత నీలం పెన్సిలుతో రాసుకుంటారు. ఇక్కడ నీడ ముదురు, ఇక్కడ చెయ్యి చిన్నది, అలాగ. వాటిని తుడపక్కర్లేదు. ప్రెస్సులో పేజీని ఫొటో తీసే కెమెరాకి లేత నీలం కనబడదు. నల్లగీత ఒక్కటే వస్తుంది, రంగులు ఆ తర్వాత ప్రెస్సులో నింపుతారు. అంటే ఆ మాటలు పేజీ మీద ఉంటాయి గానీ అచ్చులో ఉండవు. పెన్సిలు వేసేవాళ్ళకీ ఇంకు వేసేవాళ్ళకీ మధ్యనే పుట్టి, అక్కడే పోతాయి.

మొదటి గొడవయ్యాక వారానికి, ఆమె బల్ల మీదికి వచ్చిన పేజీలో గుబులు చెవి పక్కన నీలం అక్షరాలున్నాయి. "చెవి వెనక్కి వంచాలి. దయచేసి కోరలు వద్దు."

ఆమె నీలం పెన్సిలు తీసి కింద రాసింది. "కోరలు అప్పుడూ లేవు. ఒకసారి కళ్ళు చూపించుకోండి."

రాశాక తనే ఉలిక్కిపడింది. ఇది రాసింది నేనేనా? చెరిపేద్దామని రబ్బరు తీసేలోపు, ఇంకేదో అనుమానం తీర్చుకోవడానికి పెన్సిలబ్బాయే దిగివచ్చి పేజీ చూశాడు. చదివాడు. ఏమీ అనకుండా, కింద మూతి తిప్పుకున్న గుబులు బొమ్మ ఒకటి నీలంతో గీసి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి అదొక అలవాటైపోయింది. ఆమె జవాబు రాసి ఉంచేది. రోజూ మధ్యాహ్నం అతను కొత్త పేజీలు ఇవ్వడానికి వచ్చినప్పుడు, ఇంకు ఇంకా ఆరని పాత పేజీల మీద ఆ జవాబు చదువుకుని వెళ్ళేవాడు. రాతలో తెగ మాట్లాడుకునేవాళ్ళు.

"ఈ బొమ్మ గడిలో వాన ఎక్కువైంది. గొడుగు వేసుకుని గీశారా?"

"లేదు, తడుస్తూనే గీశా. జలుబు చేసింది. బాధ్యత ఇంకు వాళ్ళదే."

"ఇంకు వాళ్ళు తుమ్ములకి బాధ్యులు కారు."

ఐదో వారానికి 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తులేదు.

"నీకు అన్నిటికంటే దేనికి భయం?"

"ఇలా అడిగితే చెప్పాల్సి వస్తుందే, దానికి."

"నాకు ఖాళీ కాగితం అంటే భయం. పొద్దున్నే దాని ముందు కూర్చోలేక చెక్కిన పెన్సిలే మళ్ళీ చెక్కుతా. ఎవరికీ చెప్పకు."

అది ఆమె రెండుసార్లు చదువుకుంది. గొంతు పెంచుకుని మెట్లు దిగిన మనిషికి కూడా ఖాళీ కాగితమంటే భయమన్నమాట. అప్పటిదాకా అతనంటే సరదాగా ఉండేది. ఆ రోజు నుంచి ఇష్టంగా ఉంది.

ఇంత రాసుకునేవాళ్ళు ఎదురుపడితే ఎలా మాట్లాడుకోవాలి? ఆ ముచ్చట కూడా వినండి. మెట్ల మీద కలిస్తే "బాగున్నారా?" అనేవాడు. "బాగున్నానండీ," అనేది. తర్వాత ఇద్దరూ కలిసి గోడని చూసేవాళ్ళు. ఒకసారి ఆఫీసు వదిలే వేళకి వాన పట్టుకుంది. అతని దగ్గర గొడుగుంది. "రండి, బస్ స్టాప్ దాకా," అన్నాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఎడం వదిలి నడిచారు. అతని కుడి భుజం తడిసిపోయింది, ఆమె ఎడమ భుజం తడిసిపోయింది. గొడుగు మాత్రం మధ్యలో ఖాళీని భద్రంగా కాపాడింది.

మర్నాడు పేజీ మీద నీలంతో ఉంది. "నిన్న ఎందుకు అంత దూరంగా నడిచావ్?"

"భయం."

"నేనంటేనా?"

ఆ ప్రశ్న కింద ఆమె ఏమీ రాయలేకపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం మేడం ఇద్దర్నీ తన గదిలోకి పిలిచింది.

"ఇంక ఈ కథ ముగిద్దాం," అంది. "ఆ పిల్ల ఎన్నాళ్ళని భయపడుతుంది? పెద్దదవుతోంది, ధైర్యం వచ్చింది. గుబులు చిన్నదై చిన్నదై మాయమైపోతుంది. ఈ వారమే ఆఖరు."

చెప్పిన మేడం ముఖంలో కూడా సంతోషం లేదు. ఇంకమ్మాయి పక్కకి తిరిగి పెన్సిలబ్బాయి వంక చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు.

అదెందుకో రెండో రోజు తెలిసింది. ఆఖరి భాగం మొదటి పేజీ అంచున నీలం అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. "ఈ కథ ఉన్నంతవరకే నాకిక్కడ పని. వేరే ఊళ్ళో కార్టూన్ సినిమాల కంపెనీ వాళ్ళు రమ్మన్నారు. ఆదివారం రైలు. నీకు నోటితో చెబుదామనుకున్నా, మాట రాలేదు."

ఆమె నీలం పెన్సిలు తీసుకుంది. ఏం రాయాలి? 'మంచిదండీ' అనా? ఆ మాట రాస్తే చెయ్యి పడిపోతుంది. 'వెళ్ళకు' అనా? ఏ హక్కుతో? అతను నవ్వితే? నవ్వకుండా జాలిపడితే? అది ఇంకా ఘోరం. ఆ పేజీ కింద ఏమీ రాయకుండానే ఇంకు వేసేసింది. మధ్యాహ్నం అతను వచ్చి, పేజీ చూసి, ఖాళీ అంచు చూసి, మెల్లగా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆమె తలెత్తలేదు.

గురువారం సాయంత్రం ఆఖరి పేజీ వచ్చింది. ఆఖరి గడిలో గుబులు బొటనవేలంత అయిపోయి, పాప అరచేతిలో కూర్చుని ఉంది. పాప నోటి దగ్గర ఒక ఖాళీ బుడగ. పక్కన నీలంతో, "మేడం ఇక్కడ మాటేమీ రాయలేదు. కానీ పాప ఏదో ఒకటి అనాలి కదా. నీకేమనిపిస్తోంది?"

అతను పేజీ ఇచ్చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. పేజీ ఇంకు ఆరగానే నేరుగా ప్రెస్సుకి పోతుంది. మళ్ళీ అతని కంటబడదు. అచ్చయ్యే పత్రికలో నీలం కనబడదు. అంటే ఆమె ఏం రాసినా ఈ లోకంలో ఎవరూ చదవరు.

ఆ ధైర్యంతోనే రాసింది. బుడగలో, తన గుండ్రటి అక్షరాలతో, లేత నీలంతో రాసింది.

"వెళ్ళకు. నాకు భయంగా ఉంది. నువ్వు లేకపోతే నా భయాలన్నీ ఎవరికి చెప్పుకోను?"

దాని మీద నల్ల ఇంకు వెయ్యలేదు. బుడగని ఖాళీగానే పంపించాననుకుంది. అడిగినవాడికి చేరని జవాబు అది. పిరికివాళ్ళు ఇలాంటివి రోజుకి పది రాస్తారు.

శుక్రవారం మధ్యాహ్నం మేడం టీ కప్పుతో ఆమె బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. బయట ముసురు పట్టి ఉంది.

"ప్రెస్సులో పాత కెమెరా పాడైపోయిందట. నిన్న రాత్రి కొత్త స్కానర్ బిగించారు. నీ పేజీలన్నీ అందులోనే లాగారు. ఫోర్‌మన్ తెగ మురిసిపోతున్నాడు. కాగితం మీద వెంట్రుక పడినా వదలదట, రంగులతో సహా లాగేస్తుందట."

ఇంకమ్మాయి చేతిలో కుంచె అలాగే ఉంది. ఇంకు బొట్టు జారి కాగితం మీద పడింది.

"రంగులతో సహానా మేడం? నీలం కూడానా?"

"అన్ని రంగులూ అన్నాక నీలానికి ఏమొచ్చింది? ఏంటమ్మా, ముఖం అలా పాలిపోయింది?"

ఆమెకి పై ప్రాణాలు పైనే పోయాయి. వేల కాపీలు. ఇంటింటికీ వెళ్తాయి. పిల్లలు చదువుతారు, పిల్లల తల్లులు చదువుతారు, మేడం చదువుతుంది. మేడం కథలో అడక్కుండా చెయ్యి పెట్టినందుకు ఉద్యోగం ఊడుతుంది. అదంతా ఒక ఎత్తు. అతను చదువుతాడు. ఆదివారం రైల్లో కూర్చుని, పత్రిక తిరగేసి, ఆఖరి గడి దగ్గర ఆగి, ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో గుర్తుపట్టి... ఆ తర్వాత అతని ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయింది.

గోడ గడియారం నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాలుగింటికి అచ్చు మిషన్ మొదలు. ప్రెస్సుకి ఫోన్ చేసింది, తనంతట తనే. మోగి మోగి ఆగిపోయింది. ఆ చప్పుళ్ళలో ఎవరికి వినబడుతుంది?

"మేడం, నేను ఒకసారి ప్రెస్సుకి..."

"వానలోనా? గొడుగైనా..."

అప్పటికే ఆమె మెట్ల మీద ఉంది.

ప్రెస్సు నాలుగు వీధుల అవతల. వాన చిటపటలాడుతూ మొదలై, ఆమె మొదటి మలుపు తిరిగేసరికి కసిగా అందుకుంది. సందు మొదట్లో రోజూ పడుకునే కుక్క లేచి మొరిగింది. ఆమె దాని పక్కనుంచే పరిగెత్తింది. లారీ ఒకటి హారన్ కొడుతూ బురదనీళ్ళు చిమ్మింది. ఆగలేదు. ధైర్యం వచ్చిందనుకోకండి. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి, వణుకుతూనే పరిగెడుతున్నాయి. ఒక పెద్ద భయం వెనకనుంచి తరుముతుంటే, చిన్న భయాలు తప్పుకుని దారిచ్చాయి, అంతే.

ప్రెస్సు గుమ్మంలోకి వచ్చేసరికి లోపల నేల అదురుతోంది. మిషన్ మొదలైపోయింది. కాగితాలు ఒకదాని మీద ఒకటి టపటపా పడుతున్నాయి. పడిన ప్రతి కాగితమూ తన పరువే అనిపించింది ఆమెకి.

మిషన్ పక్క స్తంభానికి ఎర్ర బొత్తాం ఉంది. ఆ ప్రెస్సులో ఒక పద్ధతి ఉండేది. తప్పు కనిపెట్టినవాళ్ళు ఎవరైనా సరే, ఆ బొత్తాం నొక్కి మిషన్ ఆపొచ్చు. ఎవరూ తిట్టరు. కానీ ఆపినవాళ్ళు అందరి ముందూ కారణం చెప్పాలి. ఫోర్‌మన్ దాన్ని గోడ మీది నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాస్తాడు. వారం రోజులు అది అలాగే ఉంటుంది. పేజీలు ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆ బోర్డు చూసి, పాపం ఎవరో అనుకునేది ఆమె.

నొక్కింది.

మిషన్ పెద్దగా మూలిగి ఆగిపోయింది. ఒక్కసారిగా రేకుల మీద వాన చప్పుడు వినబడింది. పనివాళ్ళు ఆరుగురూ ఇటు తిరిగారు. మిషన్ అవతలి వైపు నుంచి, చేతిలో భూతద్దం పట్టుకుని ఏడోవాడు కూడా తిరిగాడు.

పెన్సిలబ్బాయి! తన ఆఖరి సంచికలో రంగులు ఎలా పడుతున్నాయో చూసుకుందామని పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాడు.

ఆమెకి అక్కడికక్కడే నేల చీలితే బాగుండుననిపించింది.

"ఏమ్మా, తడిసి ముద్దయ్యావ్!" ఫోర్‌మన్ సుద్దముక్క తీసుకుని దగ్గరకొచ్చాడు. పెద్దాయన. అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. "చెప్పు, ఏం తప్పు దొరికింది?"

"ఆఖరి పేజీ... ఆఖరి గడి..." అంది. "ఆ బుడగలో..."

బాబాయ్ పైనున్న షీటు తీసి చూపించాడు. పాప నోటి దగ్గర బుడగలో తన గుండ్రటి అక్షరాలు. అవి లేతగా కూడా లేవు. ముదురు నీలంలో, ఆరు అడుగుల దూరం నుంచి చదవగలిగేలా ఉన్నాయి.

"ఇంత ముదురుగా ఎలా వచ్చాయి బాబాయ్?"

"అదా! నేనే చేయించానమ్మా," అన్నాడాయన, బిడ్డకి మంచి మార్కులొచ్చినంత గర్వంగా. "కొత్త స్కానర్‌లో మీ నీలం గీతలన్నీ వచ్చేశాయి. పొద్దున్నుంచి కూర్చుని ఒక్కోటీ తుడిపించా. ఇదొక్కటి బుడగలో ఉంది కదా, డైలాగేనని ఉంచా. మరీ లేతగా ఉంది, పిల్లల కంటికి ఆనదని కాస్త గట్టిగా కొట్టించా. ఏం, తప్పా?"

ఆమె ఆయన చేతిలోని షీటుని బోర్లా తిప్పింది.

"తప్పేం లేదు బాబాయ్," అన్నాడు పెన్సిలబ్బాయి. "నేనే అడిగాను, పాప ఏమంటే బాగుంటుందని. చాలా బాగా రాశారు. మేడంకి చెప్పకుండా రాశామని కంగారుపడి వచ్చినట్టున్నారు." ఆమె వైపు తిరిగాడు. "పాప మాటే కదండీ ఇది?"

ఎంత మంచి దారి దొరికిందో చూడండి. 'అవునండీ' అంటే చాలు. కంగారులో నొక్కాను, క్షమించండి అంటే అందరూ నవ్వి ఊరుకుంటారు. బాబాయ్ బోర్డు మీద ఏదో రాస్తాడు, మిషన్ మళ్ళీ తిరుగుతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఇంటికి వెళ్ళి తల తుడుచుకుని పడుకోవచ్చు. ఆదివారం రైలు కూడా హాయిగా వెళ్ళిపోతుంది, అతన్ని ఎక్కించుకుని.

'అవునండీ' నాలుక చివరిదాకా వచ్చింది.

"కాదు," అంది.

"కాదా?" అన్నాడు బాబాయ్. "మరెవరి మాటమ్మా?"

"నాది."

వాన కొంచెం తగ్గినట్టుంది. లేకపోతే ఆ చిన్న గొంతు ఎవరికీ వినబడేది కాదు.

"నాది," అంది మళ్ళీ, ఈసారి అతని వైపే చూస్తూ. "పాప గుబులుతో అన్నది కాదు. నేను నీతో అన్నది. నువ్వు చూడవని తెలిసే రాశాను. చూస్తావంటే చచ్చినా రాసేదాన్ని కాదు. నువ్వంటే నాకు ఇష్టం. నువ్వు వెళ్ళిపోతావంటే నాకు భయంగా ఉంది. చెబుతున్నా భయంగానే ఉంది. ఇప్పుడు నా కాళ్ళు ఆగట్లేదు, నేను పడిపోతే ఎవరైనా పట్టుకోండి."

ఒకతను దగ్గు వచ్చినా బిగబట్టుకున్నాడు.

పడిపోయేలా ఉన్నది ఆమె ఒక్కతే కాదు. పెన్సిలబ్బాయి వెనక్కి చెయ్యి చాచి తడుముకుని, కాగితం కట్ట మీద కూలబడ్డాడు.

"మేడం స్క్రిప్టులో అసలు ఆ బుడగే లేదు," అన్నాడు. "నేనే గీశాను. నువ్వు ఏమైనా రాస్తావేమోనని. ఇంకు వేసి రాస్తే, నేను అచ్చులోనైనా చదువుకోవచ్చని. మొన్న నువ్వు ఏమీ రాయకపోతే అయిపోయింది అనుకున్నా. పొద్దున ఇక్కడ దీని నమూనా షీటు చూశాను. అప్పట్నుంచి పట్టుకు తిరుగుతున్నా, ఇది పాప మాటా, నీ మాటా అని. నీ దగ్గరకొచ్చి అడగాలంటే భయం. కాదంటే ఏం చెయ్యను?"

"అదంతా సరేనయ్యా," అన్నాడు బాబాయ్, సుద్దముక్క గాల్లో ఊపుతూ. "నీకు ఇష్టమా కాదా? సూటిగా చెప్పు, మిషన్ ఆగి ఉంది!"

"ఇష్టం బాబాయ్."

"నాకెందుకు చెబుతావ్? అటు తిరిగి చెప్పు."

అతను లేచాడు. అటు తిరిగాడు. "ఇష్టం," అన్నాడు. "చాలా."

ఈసారి దగ్గు బిగబట్టుకున్నతను గట్టిగా దగ్గేశాడు. మిగతావాళ్ళు నవ్వారు. ఇంకమ్మాయి నవ్వబోయి ఏడ్చేసింది, తుడుచుకోబోయి ముఖమంతా ఇంకు పూసుకుంది.

ఇక మిగిలింది మేడం. బాబాయ్ ఫోన్ కలిపి సంగతంతా చెప్పాడు, చెప్పకూడనివి కూడా కలిపి. తర్వాత ఫోన్ ఇంకమ్మాయి చేతికిచ్చాడు.

"ఆ బుడగలో ఏముందో చదువు," అంది మేడం. గొంతులో కోపమో ఏమో అర్థం కాలేదు.

చదివింది.

అవతల కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"మేడం, తప్పయిపోయింది. తీసేయిస్తాను."

"ఉండు. పాప 'నాకు భయంగా ఉంది' అంటోంది కదా?"

"అవును మేడం."

"పాపకి భయమేస్తే గుబులు పెరుగుతుంది కదా? మాయమవదు కదా?"

"అవదు మేడం."

మేడం గట్టిగా ఊపిరి వదిలింది. "మూడు వారాలుగా ఆ జంతువుని ఎలా పంపించాలో తెలియక నాకు అన్నం సహించట్లేదు. ధైర్యం వస్తే స్నేహం ఎందుకు పోవాలని నన్ను నేనే తిట్టుకుంటున్నా. ఆ మాట అలాగే ఉంచండి. కింద 'సమాప్తం' ఉంటుంది చూడు, అది తీసేయమను. పైవారం కొనసాగుతుంది." ఆగి, "నా కథలో చెప్పకుండా చెయ్యి పెట్టినందుకు సోమవారం వచ్చి తిట్లు తిను. ఇద్దరూ రండి," అని పెట్టేసింది.

ఆమె ఫోన్ దించి అతని వంక చూసింది. "ఇద్దర్నీ సోమవారం రమ్మంటోంది."

"సోమవారం నేను..." అని ఆగాడు. కథ ఉంటే తన పని కూడా ఉన్నట్టేనని అప్పుడు వెలిగింది అతనికి. "ఆ కంపెనీ వాళ్ళకి రావట్లేదని ఇప్పుడే చెప్పేస్తాను."

'సమాప్తం' లేకుండా అచ్చు ప్లేటు మళ్ళీ చేయాలన్నారు. అరగంట పడుతుందట. బాబాయ్ బోర్డు దగ్గర నిలబడి బుర్ర గోక్కున్నాడు. తేదీ వేశాడు, టైము వేశాడు. కారణం అన్న చోట చాలాసేపు ఆలోచించి రాశాడు. "మాట ఎవరిదో వాళ్ళే వచ్చి చెప్పుకోవలసి వచ్చింది." రెండడుగులు వెనక్కి వేసి చదువుకుని, బాగుందని తనే తలూపుకున్నాడు.

ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. సన్నటి తుంపర పడుతోంది. వీధి దీపాలు ఇంకా వెలగలేదు.

"భయం తగ్గిందా?" అన్నాడతను.

"ఎక్కడ! ఇప్పుడు పెద్దదొకటి పట్టుకుంది. ఇంట్లో అమ్మకి ఎలా చెప్పాలి?"

"ఇప్పుడే వెళ్ళి చెబుదాం. రేపటికైతే నాకు ధైర్యం ఉండదు."

"ఇప్పుడు ఉందా?"

"లేదు," అన్నాడు నిజాయితీగా.

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ వణుకుతున్నాయి. ఎవరిది ఎక్కువ వణుకుతోందో ఇద్దరికీ తెలియలేదు. లారీ ఒకటి వెళ్ళేదాకా ఆగి, అలాగే రోడ్డు దాటారు.